ఆవిరిని నీరుచేయు గాజుగొట్టము



అన్నపుకుండ మూత తీసినప్పుడు దాని లోపలివైపున నీటిబొట్లు వ్రేలాడుచుండుట మీ రెఱిగినదే. రసాయనశాలలో కండెన్సరను గాజుగొట్టము చేయు పని యంతకంటె వేఱు కాదు. లోన సన్నని గొట్టము. దానిచుట్టు తొడుగువలె లావుపాటి గొట్టము. లోపలిదానిలో ఆవిరి నడచును. రెంటి నడుమ చన్నీరు పాఱును. ఆవిరియు నీరును కలియవు. వేడి మాత్రము గాజుగోడను దాటిపోవును. దీనికి జర్మను పండితుడగు లీబిగు (1803–1873) పేరు నిలిచినది గాని, 1771లోనే వైగెలు అనునాతడు ఇట్టిదానిని కల్పించియుండెను. మన రసశాస్త్రమునకును ఈ యుక్తి క్రొత్తది కాదు. రసరత్నసముచ్చయమున తిర్యక్పాతనయంత్రము చెప్పబడినది. రెండు కుండలను వాలుగొట్టముతో కలిపి, పాదరసమున్న కుండక్రింద మంటయు, రెండవ కుండలో చన్నీరును ఉంచుదురు. గాజుగొట్టమును చూచిన పిమ్మట ఆ ఘట్టము నాకు మఱింత తేటపడినది.

చన్నీటిని క్రిందికొననుండియే ఎక్కింపవలెను. పైనుండి విడిచినచో తొడుగు నిండక నడుమ గాలి నిలుచును. దీపము ముట్టించుటకు ముందే నీరు విడువవలెను. కాగిన గాజుపై చన్నీరు పడిన చిట్లును. బొట్లు జాఱు కొనను బిరడాతో బిగింపరాదు; ఆవిరికి త్రోవలేక కూజా ప్రేలును.

కొన్నిటిని గంటలకొలది మరిగింపవలెను గాని బొట్టైనను పోరాదు. అప్పుడు గొట్టమును కూజామీద నిలువుగా నిలుపుదురు. ఎక్కిన ఆవిరి ద్రవమై మరల కూజాలోనికే జాఱును. సారాయిలో కరగిన క్షారముతో నూనెను సబ్బుచేసి పరీక్షించుట ఇట్లే.

ఇక మా ఓర్వకల్లువంటి మెట్టసీమకు ముఖ్యమైన మాట. నీటిని ఆవిరి చేయుటకు పట్టిన వేడి ఆవిరిలో దాగియుండును. ఒక గ్రాము ఆవిరి నీరగునపుడు సుమారు 540 కాలరీల వేడిని విడుచును. 30 డిగ్రీల బావినీరు తొడుగులో దూరి 60 డిగ్రీలై వెడలినచో, గ్రాముకు 30 కాలరీలే మోసికొనిపోవును. కనుక చెంబెడు శుద్ధజలమునకు తక్కువపక్షము 18 చెంబుల చన్నీరు పాఱవలెను! దీనిని మోరీపాలు చేయుట మన యూళ్లలో తగని పని. ఆ నీరు చెడినది కాదు, వేడెక్కినది మాత్రమే. బడికి సామగ్రి కొనిపెట్టు పెద్దలు గొట్టముతోపాటు రెండు తొట్లను గూడ కట్టింపుడు, ఎత్తున నొకటి, పల్లమున నొకటి. పల్లపుతొట్టి నిండినపుడు చల్లార్చి మరల పైకి పోయవచ్చును. మిగిలినది చెట్లకు పోయవచ్చును.

ఇంకొక చిక్కు గలదు. ఈథరు సుమారు 35 డిగ్రీలకే కాగును. రోహిణికార్తెలో తొట్టినీరే అంత వేడెక్కును గనుక ఈథరు ఆవిరి దానికి లొంగక గదియంతయు నిండును. నిప్పు సోకిన భగ్గుమనును. మంచుగడ్డ దొరకనిచో ఆ ప్రయోగమును పుష్యమాఘములలో, అదియు మంటతో గాక వేడినీటి గిన్నెలో కూజా నుంచి, చేయింపవలెను.