స్కూటరు రెండవ బ్యాటరీతో ఇంటికి, పాల కేంద్రానికి కరెంటు

ఎనుమాముల వైపు సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు కొందరు సభ్యులు ఒకే ప్రశ్న వేశారు. విద్యుత్ స్కూటరుతో పాటు కొన్న రెండవ బ్యాటరీ ఇంట్లో ఊరికే ఉంటోంది గదా, కరెంటు పోయిన సాయంత్రం దానితో ఇంట్లో లైట్లు, ఫ్యాన్లు నడుపుకోవచ్చునా, పాల కేంద్రంలో పరీక్ష యంత్రానికి పెట్టుకోవచ్చునా అని. పెట్టుకోవచ్చును. అయితే నేరుగా తీగలు కలిపి కాదు.

గెర్బరు పరీక్ష రోజులలో చేతితో తిప్పే సెంట్రిఫ్యూజి ఉండేది గనుక కరెంటుతో మనకు పని లేదు. (ఆ పిడి తిప్పి భుజం నొప్పి తెచ్చుకున్న కార్యదర్శులు ఇంకా ఉన్నారు.) ఇప్పుడు తూకం, వెన్న శాతం, రసీదు మూడూ కరెంటు మీదనే. కరెంటు లేని పూట సగటు శాతం వ్రాసి పంపితే, 7 శాతం వెన్న ఉన్న బర్రె పాలు పోసిన సభ్యురాలికి నష్టం, పలుచని పాలు పోసినవానికి లాభం. ఆ తగాదా నెలాఖరు బిల్లు దాకా నడుస్తుంది.

జపానులో 2011 భూకంపం తరువాత నిస్సాన్ కంపెనీ తన లీఫ్ కారు బ్యాటరీ నుండి ఇంటికి కరెంటు ఇచ్చే ఏర్పాటును 2012లో తెచ్చింది. అక్కడ కారుకు, ఇంటికి మధ్య ఆ పనికోసమే తయారైన పెట్టె ఉంటుంది. మనకూ అటువంటి పెట్టె, అనగా బ్యాటరీకి తగిన ఇన్వర్టరు కావాలి. ఇళ్ళలో ఉండే మామూలు ఇన్వర్టరు ఎక్కువగా 12 వోల్టులది, నీళ్ళు పోసే బ్యాటరీకి తయారైనది. స్కూటరు బ్యాటరీ సాధారణంగా 48 వోల్టులు లేక అంతకంటె ఎక్కువ, లిథియం రకం. ఈ రెంటినీ కలిపితే ఇన్వర్టరు కాలుతుంది. వేరే వోల్టేజిది కొన్నా, దాని ఛార్జరు లిథియానికి సరిపడదు. బ్యాటరీని దాని సొంత ఛార్జరుతోనే ఛార్జి చేయాలి. కొన్ని బ్యాటరీలు బండిలో ఉంటే తప్ప కరెంటు వదలవు. కనుక ఇన్వర్టరు కొనకముందే డీలరును అడిగి, గ్యారంటీ పోదని కాగితం మీద వ్రాయించుకోవాలి.

లెక్క తేలికే. 48 వోల్టులు, 40 ఆంపియర్ అవర్లు అయితే గుణిస్తే 1,920 వాట్ అవర్లు, దాదాపు 2 యూనిట్లు. ఐదవ వంతు అడుగున ఉంచి, ఇన్వర్టరులో పోయేది తీసివేస్తే చేతికి వచ్చేది సుమారు 1,300. రెండు ఫ్యాన్లు, మూడు ఎల్.ఇ.డి. లైట్లు కలిసి 180 వాట్లు అనుకుంటే ఏడు గంటలు. కేంద్రంలో పరీక్ష యంత్రం, తూకం, కంప్యూటరు, లైట్లు కలిపి 200 వాట్లలో ఉంటే ఒక పూట సేకరణ సులువుగా గడుస్తుంది. పాలు చల్లబరచే బల్క్ కూలరు మాట మాత్రం తలపెట్టవద్దు. దాని కంప్రెసరుకు కిలోవాట్లు కావాలి, మొదలయ్యే క్షణంలో అంతకు కొన్ని రెట్లు లాగుతుంది. దానికి జనరేటరే దిక్కు.

అన్నిటికంటె ప్రమాదమైన పని ఒకటి ఉన్నది. ఇన్వర్టరు నుండి రెండు వైపులా పిన్నులున్న తీగ తెచ్చి గోడ ప్లగ్గులో గుచ్చడం. మెయిన్ స్విచ్ ఆపడం మరిచితే ఆ కరెంటు బయటి లైనులోకి ఎక్కుతుంది. లైను చచ్చి ఉన్నదనుకొని స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది. చేంజోవర్ స్విచ్ తప్పనిసరిగా పెట్టించాలి, అదీ లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి.

2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ఒక వృద్ధుడు చనిపోయాడు. అదే నెలలో విజయవాడలోనూ అట్లాగే ఒక ప్రాణం పోయింది. ఆ తరువాత ప్రభుత్వం బ్యాటరీల భద్రతా పరీక్షలను కఠినం చేసింది. అయినా పడుకునే గదిలో, గడ్డివాము పక్కన, బయటికి పోయే దారిలో ఛార్జి పెట్టవద్దు. ఉబ్బిన దానిని, నీళ్ళలో తడిసిన దానిని వాడవద్దు.

ఇంకొక మాట. రాత్రంతా ఫ్యాన్లకు వాడి, తెల్లవారి క్యాన్లు మోసే స్కూటరుకు బ్యాటరీ లేకపోతే పాలు ఇంట్లోనే ఉంటాయి. 2023 జూలైలో వరంగల్‌ను ముంచిన వానల వంటివి వస్తే కరెంటు ఎప్పటికి వచ్చేదీ తెలియదు; అప్పుడు కనీసం ఒక బ్యాటరీ బండికే ఉంచాలి.

సభ్యుని బ్యాటరీని కేంద్రం వాడుకుంటే అద్దె ఎంత, పాడైతే ఎవరు బాధ్యులు అనేది పాలకవర్గం తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో వ్రాయాలి. ఆడిటులో మేము అడిగేది ఆ కాగితమే.