తెల్లమచ్చకు మన చర్మమే నారుమడి

బెళ్ళందూరు: తరగతిలో ఒకరి పెదవి మీదో, వేలి కొసనో తెల్లమచ్చ కనబడితే పక్కన కూర్చునేవారు కాస్త దూరం జరుగుతారు. తెలుగు ఇళ్ళలో దాన్ని బొల్లి అంటాం. మన కన్నడ స్నేహితులు తొన్ను అంటారు. కొందరు పెద్దలు శ్వేతకుష్ఠు అని కూడా అంటారు. చేటంతా ఈ మూడో పేరుతోనే వచ్చింది. కుష్ఠు ఒక సూక్ష్మక్రిమి వల్ల వస్తుంది, మందులతో నయమవుతుంది. బొల్లికి ఏ క్రిమీ కారణం కాదు. చేయి పట్టుకున్నా, ఒకే పళ్ళెంలో తిన్నా అది అంటదు.

మన చర్మానికి రంగునిచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు మెలనోసైట్లు. ఒంటిని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే పొరబడి వాటిని దెబ్బతీస్తే అక్కడ చర్మం తెల్లబడుతుంది. ప్రపంచంలో నూటికి సుమారు ఒకరికి ఈ సమస్య ఉంది.

వైద్యులు మొదట పూతమందులు, కాంతి చికిత్స ఇస్తారు. వాటితో రంగు తిరిగి వచ్చేటప్పుడు మచ్చలో చిన్న గోధుమరంగు చుక్కలు మొలుస్తాయి. వెంట్రుకల కుదుళ్ళలో మిగిలిన కణాలు పైకి పాకి రావడమే దీనికి కారణం. పెదవులు, వేళ్ళ కొసల వంటి వెంట్రుకలు లేని చోట ఆ నిల్వ ఉండదు. మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడితే అక్కడ నిల్వ అడుగంటినట్టే. అలాంటి మచ్చలు మందులకు అంత తేలిగ్గా లొంగవు.

అప్పుడు ఉపయోగపడేది చర్మం అతికే శస్త్రచికిత్స. దీన్ని వరినాటుతో పోల్చుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. రంగు బాగున్న తొడ చర్మం నారుమడి, తెల్లమచ్చ పొలం. ఒక పద్ధతిలో మిల్లీమీటరు వెడల్పున్న చర్మపు ముక్కలు తీసి మచ్చలో నాటుతారు. మరో పద్ధతిలో చర్మాన్ని గాలి పీల్చే సాధనంతో పొక్కించి, ఆ పొక్కు పైపొరను మచ్చ మీద పరుస్తారు. మూడో పద్ధతిలో పలుచటి చర్మం నుంచి కణాలను విడదీసి, ద్రవంలో కలిపి మచ్చ మీద పోస్తారు. ఇందులో తీసిన చర్మం కంటే ఎన్నో రెట్లు పెద్ద మచ్చను కప్పవచ్చు. కట్టు సుమారు వారం ఉంటుంది. రంగు నిండడానికి నెలలు పడుతుంది. పలుచటి చర్మం అతికే పద్ధతిపై మన దేశంలో ఢిల్లీ వైద్యుడు పి.ఎన్. బెహల్ 1964లోనే పరిశోధన పత్రం ప్రచురించారు.

అయితే తొందరపడకూడదు. వరద పారుతున్న మడిలో ఎవరూ నాట్లు వేయరు. మచ్చలు ఇంకా పాకుతుండగా కత్తి పెడితే ఆ గాయం దగ్గరే కొత్త మచ్చ పుట్టవచ్చు. కనీసం ఏడాది పాటు కొత్త మచ్చలు రాకుండా, పాతవి పెరగకుండా ఉంటేనే మన దేశంలోని చర్మవైద్యులు శస్త్రచికిత్సకు ఒప్పుకుంటారు. చిన్నపిల్లల విషయంలో మరింత ఆచితూచి నిర్ణయిస్తారు. అతికిన చోట రంగు తేడాగా రావచ్చు, గరుకుదనం మిగలవచ్చు. ఇది మచ్చకు చికిత్సే కాని, జబ్బును వేళ్ళతో పెకలించేది కాదు. పెళ్ళి ముహూర్తం దగ్గరపడిందనో, పదో తరగతి వీడ్కోలు సభ ఉందనో ఏడాది గడువును కుదించడం కుదరదు.

బెళ్ళందూరుకు దగ్గరలో, సర్జాపుర రోడ్డు మీద ఉన్న సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది. నగరం నడిబొడ్డున ప్రభుత్వ విక్టోరియా ఆసుపత్రి ఉంది. పసరు మందులతో ఏళ్ళు గడపకుండా ముందు చర్మవైద్యులకు చూపించుకోవాలి.

పాప్ గాయకుడు మైకేల్ జాక్సన్‌కూ బొల్లి ఉండేది. ఆయన కన్నుమూసిన జూన్ 25ను ప్రపంచ బొల్లి దినంగా పాటిస్తున్నారు. మన బడులు తెరిచిన కొద్ది వారాలకే ఆ రోజు వస్తుంది. ఆనాటి ప్రార్థన సమావేశంలో తెలుగులోనూ కన్నడంలోనూ ఒక్క మాట చదువుదాం: ఇది అంటుకునే జబ్బు కాదు. శస్త్రచికిత్స కోసం ఏడాది ఆగవలసిన విద్యార్థికి ఆ ఏడాదంతా తోడు కావలసింది మనమే.