చీకటి మేఘాల పటం

మాఘమాసపు రాత్రివేళ కోలారు జిల్లాలోని మాస్తి గ్రామంలో ఆరుబయట నిలబడి దక్షిణ దిక్కుకు చూస్తే అగస్త్య నక్షత్రం ధగధగ మెరుస్తూ కనిపిస్తుంది. దానికి తూర్పుగా గమ్ నీహారిక అనే విశాలమైన వాయు సముదాయం వ్యాపించి ఉంది. అది మామూలు కంటికి కనిపించదు. తోకచుక్కల ఆకారంలో ఉన్న నల్లని చిన్న మేఘాలను అందులో శాస్త్రజ్ఞులు 1976లో గుర్తించారు.

నల్లగా ఉన్నంత మాత్రాన అక్కడ ఏమీ లేదని కాదు. ఆ మేఘాలలోని ధూళి వెనుకనున్న నక్షత్రాల కాంతిని అడ్డగిస్తుంది. కొత్త నక్షత్రాలు పుట్టేది ఇటువంటి మేఘాలలోనే. మరి వాటి లోపలి సంగతి తెలిసేదెలా?

ఈ మేఘాలలో అధిక భాగం హైడ్రోజన్ అణువులే. సున్నకు దాదాపు 260 డిగ్రీల దిగువనున్న ఆ చలిలో హైడ్రోజన్ అణువులు తమ ఉనికిని తెలిపే తరంగాలను వెలువరించవు. కోలారు గనులలో పలుగురాతి పొరలు బంగారానికి ఆనవాలుగా ఉండేవి. అలాగే హైడ్రోజన్‌కు ఆనవాలు కార్బన్ మోనాక్సైడ్. ఈ అణువు బొంగరంలా తిరుగుతుంది. ఇతర అణువులు ఢీకొంటే దాని వేగం పెరుగుతుంది. ఆ వేగం తగ్గేటప్పుడు 2.6 మిల్లీమీటర్ల రేడియో తరంగం వెలువడుతుంది. దీనిని 1970లో తొలిసారి ఓరియన్ నీహారికలో కనుగొన్నారు.

మాలూరు స్టేషనులో ఆగకుండా పోయే రైలు కూత, దగ్గరకు వస్తున్నప్పుడు హెచ్చు స్థాయిలోను, దూరమవుతున్నప్పుడు తగ్గు స్థాయిలోను వినిపిస్తుంది. అలాగే మేఘం దగ్గరవుతుంటే తరంగం పొడవు కొద్దిగా తగ్గుతుంది, దూరమవుతుంటే పెరుగుతుంది. ఆ తేడాను బట్టి మేఘం వేగాన్ని లెక్కకడతారు.

బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థలో 10.4 మీటర్ల వ్యాసంగల రేడియో దూరదర్శినిని నిర్మించారు. దానితో టి.కె. శ్రీధరన్ గమ్ నీహారికలోని తోకమేఘాలను పరిశీలించి, 1992లో ఫలితాలను ప్రకటించారు. ఆ మేఘాలన్నీ ఒకే కేంద్రం నుండి వెలుపలికి సాగిపోతున్నాయనీ, ఆ ప్రయాణం మొదలై సుమారు 60 లక్షల సంవత్సరాలైందనీ తేలింది.

ఒక మేఘం పటం గీయాలంటే, రైతు చాలు వెంట చాలు దున్నినట్లు, దూరదర్శినిని ఒక్కొక్క బిందువుకే తిప్పుతూ తరంగాల బలాన్ని, పొడవును నమోదు చేయాలి. గాలిలోని నీటి ఆవిరి ఈ తరంగాలను మింగివేస్తుంది. అందుకే చిలీ దేశంలోని అటకామా ఎడారిలో, 5,000 మీటర్ల ఎత్తున, 66 యాంటెనాలతో ఆల్మా కేంద్రాన్ని నెలకొల్పారు. సుమారు ఐదు కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మెస్సియే 77 గెలాక్సీ నడిబొడ్డున పెద్ద కృష్ణబిలం ఉంది. దాని చుట్టూ తిరిగే వాయువలయాన్ని 2018లో ఈ కేంద్రం ద్వారానే చూపారు. ఇందుకు ఆనవాలుగా హైడ్రోజన్ సయనైడ్ వంటి అణువులు ఉపయోగపడ్డాయి.

నక్షత్రాలు పుట్టే చిన్న మేఘమైనా, కృష్ణబిలం చుట్టూ తిరిగే వాయువైనా, వాటి పటం గీసే పద్ధతి ఒక్కటే: అణువు పంపే తరంగాన్ని గుర్తించడం, దాని పొడవులోని తేడాను కొలవడం.