బతుకమ్మ పాటకు లాప్‌టాప్ తోడు

నిజామాబాదు పట్టణంలో గాని, బోధను చుట్టుపట్ల చెరకు పండే ఊళ్ళలో గాని బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రమయ్యేసరికి వీధి మలుపులో సౌండు బాక్సులు వెలుస్తున్నాయి. తంగేడు, గునుగు, బంతి పూలతో పేర్చిన బతుకమ్మల చుట్టూ ఆడవాళ్ళు తిరుగుతారు. పెన్‌డ్రైవులోని పాట మోగుతుంది. తిరిగేవారి నోళ్ళు మాత్రం కదలవు! బాక్సే పాడేస్తుంటే ఇక మనం పాడడమెందుకు అనే ధోరణి వచ్చేసింది.

ఇందుకు యంత్రాన్ని తిట్టి లాభం లేదు. కిటుకంతా వాడే తీరులో ఉంది. మా వీధిలో నాలుగేళ్ళుగా నేను లాప్‌టాప్‌తో తాళం వేస్తున్నాను. పాట మాత్రం అమ్మలక్కలే పాడుతున్నారు. అదెలాగో చెబుతాను, చిత్తగించండి.

ముందుగా బతుకమ్మ పాట స్వభావం తెలియాలి. ఒకరు ఎత్తుకుంటారు, తక్కినవారు ‘ఉయ్యాలో’ అంటూ అందుకుంటారు. ఎత్తుకునే ఆవిడదే పగ్గం. తోచినప్పుడు కథ పెంచుతుంది, తోచినప్పుడు ముగిస్తుంది. మా పెద్దవ్వనే చూడండి. ఆవిడ భర్త బోధను చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశారు. 1937లో నిజాం కాలంలో వెలసిన ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో ఆగిపోయింది. ఆ ముచ్చటంతా ఆవిడ పాటలో కలిపేస్తుంది. ఒక ఏడు నాలుగు చరణాలు, మరో ఏడు ఆరు. ఏ రికార్డులోనూ దొరకని చరణాలవి. అయిదు నిమిషాలకు కొలిచి కుట్టిన పాటలో వాటికి చోటేదీ?

కనుక మనకు కావలసింది చివరిదాకా పరుగెత్తే పాట కాదు. ఆగమంటే ఆగి, తిరగమంటే తిరిగే తాళం. బెర్లినులోని ఏబుల్టన్ వారు 2001లో మొదట తెచ్చిన ‘లైవ్’ అనే సాఫ్ట్‌వేరు ఇందుకు బాగా పనికివస్తుంది. కొన్ని కీబోర్డులు కొంటే దాని చిన్న రూపమైన ‘లైట్’ ఉచితంగా వస్తుంది. ఐప్యాడ్ ఉన్నవారికి గ్యారేజ్ బ్యాండులో ‘లైవ్ లూప్స్’ కూడా ఇటువంటిదే.

‘లైవ్’లో ‘సెషన్ వ్యూ’ తెరిస్తే పోపుల పెట్టెలాగా గళ్ళు కనిపిస్తాయి. నిలువు వరసకు ఒక వాద్యం: శ్రుతి, తాళాలు, డప్పు, కీబోర్డు. ప్రతి గడిలో ఒక చిన్న ముక్క. దాన్ని ‘క్లిప్’ అంటారు. ఆపేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. అడ్డు వరస ‘సీన్’. ఒక్క నొక్కుతో ఆ వరస అంతా మోగుతుంది. మొదటి వరసలో శ్రుతి ఒక్కటే ఉంచండి. రెండోదానిలో తాళాలు, మూడోదానిలో డప్పు, నాలుగోదానిలో అన్నీ చేర్చండి. ఇక ఎప్పుడు ఏ వరసకు వెళ్ళాలన్నది పాడేవారిని చూసి నిర్ణయించడమే.

‘క్వాంటైజేషన్’ను ‘వన్ బార్’ మీద పెట్టండి. మీ వేలు కాస్త తొందరపడినా కొత్త వరస తరువాతి ఆవృత్తం మొదటి దెబ్బకే అందుకుంటుంది. పాట నాలుగు దెబ్బలదా, ఆరు దెబ్బలదా అన్నది మాత్రం ముందే చెవితో తేల్చుకుని తాళం సరిచేసుకోవాలి.

వేగం మీరు నిర్ణయించకండి. ముందు చప్పట్లు కొట్టనివ్వండి. వాటితో కలిసి ‘ట్యాప్’ మీట నాలుగైదు సార్లు నొక్కితే యంత్రానికి వేగం తెలిసిపోతుంది. రికార్డు చేసిన డప్పుకు ‘వార్ప్’ పెట్టి ఉంచితే అదీ ఆ వేగానికి వస్తుంది. అయితే మరీ సాగదీస్తే డప్పు మోత చెడుతుంది. అందుచేత నెమ్మదిది, నడిమిది, వడిది అని మూడు ముక్కలు విడివిడిగా రికార్డు చేసుకోవడం మేలు. శ్రుతి సంగతీ అంతే. ఎత్తుకునే ఆవిడ గొంతు ఎక్కడ హాయిగా ఉంటే, కీబోర్డు క్లిప్పులను అక్కడికి జరపాలి.

కీబోర్డు నొక్కిన తరువాత ఆలస్యంగా మోగుతోందా? ‘బఫర్’ తగ్గించండి. 44,100 రేటు మీద 256 శాంపిళ్ళంటే సుమారు 6 మిల్లీసెకండ్లు. చెవికి తెలియదు. చిటపట వినిపిస్తే మళ్ళీ కాస్త పెంచండి. వైఫై కట్టేయండి. ‘కలెక్ట్ ఆల్ అండ్ సేవ్’ చేసి, ఆ ఫోల్డరును మరో పెన్‌డ్రైవులో దాచండి.

అన్నిటికన్న ముఖ్యమైనది చివరి వరస. దాన్ని పూర్తిగా ఖాళీగా వదలండి. ఆ వరస నొక్కితే ఆవృత్తం ముగియగానే వాద్యాలన్నీ ఆగిపోతాయి. పెద్దవ్వ మొదటి ఏడే అంది: “బిడ్డా, నీ డబ్బా జర ఆపు. నా మాట ఇంకా అయిపోలే!” యంత్రం ఆగితే ఆట కూడా ఆగుతుందేమోనని మా వీధి కుర్రకారు సందేహించారు. ఆగలేదు. చప్పట్లే తాళమయ్యాయి, చరణం చరణం స్పష్టంగా వినిపించింది. ఆవిడ ముగించే సమయానికి చప్పట్లతో కలిసి మళ్ళీ ‘ట్యాప్’ చేసి, స్పేస్ మీటతో యంత్రాన్ని నిలిపి, మొదటి చప్పట్టుకు సరిగ్గా రెండో వరస నొక్కండి. యంత్రం వచ్చి పాటలో కలుస్తుంది.

మరొక్క మాట. పాడేవారి అనుమతితో ఒక ట్రాకును మైకుకు కేటాయించి రికార్డు మీట నొక్కి ఉంచండి. వచ్చే ఏడు ఆ చరణాలు నేర్చుకుంటామని ఆడపిల్లలు అడిగితే వినిపించడానికి ఏదైనా ఉండాలి గదా! మా వీధిలో ఇద్దరమ్మాయిలు అలాగే నేర్చుకుని, కిందటేడు పెద్దవ్వ పక్కన నిలబడి చెరో చరణం ఎత్తుకున్నారు.

ఈసారి బతుకమ్మకు మీ వీధిలో పాట ఎత్తుకోగలిగిన వారెవరో ముందుగా వెతకండి. లాప్‌టాప్ తరువాత తెరవవచ్చు.