క్యాంపర్ వ్యాన్‌లో బ్యాటరీ తెల్లారేదాకా ఆగట్లేదా? కొత్తది కొనే ముందు ఈ నాలుగు టెస్టులు చేయండి

ఫోన్ బ్యాటరీ త్వరగా దిగిపోతుంటే మనం ముందు బ్యాటరీ యూసేజ్ చూస్తాం. ఏ యాప్ తాగేస్తోందో అందులో తెలిసిపోతుంది. క్యాంపర్ వ్యాన్‌కి అలాంటి స్క్రీన్ ఉండదు. అందుకే అర్ధరాత్రి ఇన్వర్టర్ కుయ్యిమని అరిచి ఆగిపోతే, చాలామంది తప్పు బ్యాటరీదే అనుకుని నేరుగా షాపుకి వెళ్లిపోతారు.

తునిలో మా పెదనాన్న వాళ్లకి ఒక పాత టెంపో ట్రావెలర్ ఉంది. వెనక సీట్లు తీసేసి మంచాలు, 12 వోల్టుల చిన్న ఫ్రిజ్, రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, ఒక ఇన్వర్టర్ పెట్టించారు. తలుపులమ్మ లోవకి వంటసామాన్లతో వెళ్లినా, అరకు వెళ్లినా ఇదే బండి. ప్రాబ్లం ఏంటంటే, రాత్రి పది గంటలకు ఫ్యాన్లు వేస్తే మూడింటికల్లా అన్నీ ఆగిపోతున్నాయి. ఉక్కపోత అయితే ఎలాగోలా భరిస్తారు. కానీ ఆ ఫ్రిజ్‌లో పెదనాన్న ఇన్సులిన్ ఉంటుంది. సీలు తీయని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మే నెల వేడిలో మూసి ఉన్న బండిలో ఫ్రిజ్ ఆగితే ఆ మందు మీద నమ్మకం పెట్టుకోలేం.

ఒక బ్యాటరీ షాపులో చూపిస్తే "ఇది అయిపోయింది, లిథియం వేసేయండి" అన్నారట. కొనే ముందు ఒకసారి చూద్దామని మీటర్ పట్టుకుని బండెక్కాను.

ముందు పేపర్ మీద లెక్క

ఫ్రిజ్ 45 వాట్స్. కంప్రెసర్ సగం సేపే తిరుగుతుంది కాబట్టి యావరేజ్‌గా 2 ఆంప్స్. 25 వాట్స్ ఫ్యాన్లు రెండూ కలిపి 4 ఆంప్స్‌కి కాస్త పైన. పది నుంచి ఆరు దాకా 8 గంటలకు ఫ్రిజ్‌కి 16, ఫ్యాన్లకి 33, లైట్లు, ఫోన్ ఛార్జింగ్‌కి ఇంకో 5 వేసుకున్నా మొత్తం 55 ఏహెచ్ లోపే. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగం కంటే కిందికి దించకూడదు. అలా చూసినా 75 ఏహెచ్ చేతిలో ఉండాలి. అంటే తెల్లారేదాకా హాయిగా రావాలి. రావట్లేదంటే బ్యాటరీ నిండట్లేదు, లేదా ఎక్కడో లీకవుతోంది, లేదా నిజంగానే పాడైంది. ఈ మూడింట్లో ఏదో టెస్ట్ చేస్తేనే తెలుస్తుంది.

టెస్ట్ 1: రెస్ట్ వోల్టేజ్

బండి అప్పుడే విశాఖ నుంచి 16వ నంబర్ హైవే మీద వచ్చి ఆగింది. రెండు గంటల పైనే డ్రైవింగ్. అన్ని లోడ్లూ విప్పేసి నాలుగు గంటలు వదిలేశాక మల్టీమీటర్ పెడితే 12.2 వోల్టులు చూపించింది. లెడ్ యాసిడ్‌కి 12.6 నుంచి 12.7 అంటే ఫుల్, 12.2 అంటే దాదాపు సగం. అంటే దారి పొడుగునా ఇంజన్ నడిచినా బ్యాటరీ నిండలేదు. ఒక మాట గుర్తుంచుకోండి, ఇంజన్ ఆపిన వెంటనే కొలిస్తే ఎక్కువ చూపించి మోసం చేస్తుంది.

టెస్ట్ 2: దారిలో ఎంత పోతోంది?

అసలు దొంగ దొరికింది ఇక్కడే. ఇంజన్ ఆన్‌లో ఉండగా ఆల్టర్నేటర్ దగ్గర 14.3 వోల్టులు, వెనక బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర 13.1 మాత్రమే. ట్యూబులర్ బ్యాటరీ సరిగ్గా నిండాలంటే 14.4 దరిదాపుల్లో అందాలి. 13.1తో ఎంత దూరం నడిపినా నిండదు.

పోయిన 1.2 వోల్టులు ఎక్కడ పోయాయి? మీటర్ రెండు ప్రోబ్స్‌నీ ఒకే వైరు రెండు చివర్లకీ పెట్టండి. కరెంట్ పారుతుండగా ఎంత చూపిస్తే ఆ వైరు అంత తినేస్తున్నట్టు. మా బండిలో 20 ఆంప్స్ పారుతుండగా:

- 6 మీటర్ల పాజిటివ్ వైరులో 0.35 వోల్టులు. వేసింది 6 ఎస్‌క్యూ ఎంఎం వైరు, ఆ దూరానికి బాగా సన్నం.
- రిలేలో 0.05. ఇది ఓకే.
- ఎర్త్ కనెక్షన్‌లో ఏకంగా 0.8.

బోల్టు తీసి చూస్తే ఛాసిస్ మీద పెయింట్ గీకకుండానే లగ్గు బిగించేశారు. చుట్టూ తుప్పు. ఆ ఒక్క జాయింట్ దగ్గరే 16 వాట్స్ వేడిగా పోతోంది. ఇదే స్థితిలో లిథియం వేసుంటే? ఎల్ఎఫ్‌పీ బ్యాటరీ ఖాళీగా ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ కరెంట్ లాగుతుంది. కరెంట్ రెట్టింపైతే జాయింట్‌లో వేడి నాలుగింతలవుతుంది. డబ్బులూ పోయేవి, పైగా నిప్పు ప్రమాదం.

టెస్ట్ 3: అన్నీ ఆపేశాక ఎవరు తాగుతున్నారు?

క్లాంప్ మీటర్‌ని నెగటివ్ కేబుల్‌కి తగిలిస్తే, స్విచ్చులన్నీ ఆపినా 1.3 ఆంప్స్ పోతోంది. అందులో 1.1 ఇన్వర్టర్‌దే. ఏమీ కనెక్ట్ చేయకపోయినా ఆన్‌లో ఉంటే అంత తాగుతుంది, రోజుకి 26 ఏహెచ్. ఫ్యాన్లు, ఫ్రిజ్ నేరుగా 12 వోల్టుల మీదే నడుస్తాయి కాబట్టి రాత్రి దాని అవసరమే లేదు. క్లాంప్ మీటర్ కొనేటప్పుడు డీసీ కరెంట్ కొలుస్తుందో లేదో చూసుకోండి. చవక మోడల్స్ చాలావాటికి ఏసీ ఒక్కటే వస్తుంది.

టెస్ట్ 4: చివర్లో బ్యాటరీ

ఇంట్లో ఛార్జర్ పెట్టి పూర్తిగా నింపాక ఆరు సెల్స్‌నీ హైడ్రోమీటర్‌తో చూశాను. అన్నీ దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఒక్క సెల్ మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తేనే బ్యాటరీ మీద ఆశ వదులుకోవాలి. "అయిపోయిన" బ్యాటరీ నిజానికి ఆకలితో ఉన్న బ్యాటరీ అన్నమాట.

రిపేర్, రిజల్ట్

పెయింట్ గీకి, కొత్త లగ్గు వేసి, పైన గ్రీజు రాశాం. పాజిటివ్ వైరుని 25 ఎస్‌క్యూ ఎంఎంకి మార్చాం. అంతకుముందు లేని ఫ్యూజ్ బ్యాటరీకి ఆనుకునే పెట్టాం. ఇన్వర్టర్‌కి వేరే స్విచ్. మొత్తం ఖర్చు మూడు వేలు దాటలేదు. ఇప్పుడు ఇంజన్ ఆన్‌లో వెనక బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు వస్తోంది. ఫుల్ ఛార్జ్‌తో రాత్రంతా నడిపి, పొద్దున లోడ్లు తీసేసి రెస్ట్ ఇచ్చాక చూస్తే 12.4. ఫ్రిజ్‌లో టెంపరేచర్ 5 డిగ్రీలు.

రెండు జాగ్రత్తలు. పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు, వాచీ తీసేసి, నెగటివ్ టెర్మినల్ ముందు విప్పండి. ట్యూబులర్ బ్యాటరీ ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది, కాబట్టి పెట్టెకి గాలి ఆడే దారి ఉండాలి.

మరి లిథియం వద్దా?

బరువు తగ్గాలంటే, ఏడాదిలో చాలా రాత్రులు బండిలోనే గడుపుతారంటే లిథియం మంచిదే. అప్పుడు ఆల్టర్నేటర్‌కీ బ్యాటరీకీ మధ్య డీసీ టు డీసీ ఛార్జర్ తప్పనిసరిగా పెట్టించండి. నెలకో ట్రిప్ వేసేవాళ్లకి ట్యూబులర్ చాలు. కానీ లెడ్ యాసిడ్‌లో చివరి 20 శాతం చాలా నెమ్మదిగా నిండుతుంది. రెండు గంటల డ్రైవింగ్ దానికి సరిపోదు. బయల్దేరే ముందు రాత్రి ఇంట్లో ప్లగ్ పెట్టడం, లేదా పైన ఒక 200 వాట్స్ సోలార్ ప్యానెల్ వేయించుకోవడం బెస్ట్. మా పెదనాన్న ఓటు సోలార్‌కే.