మీకు తెలుసా? ఖంగుమనని చక్రాన్ని బిగించరాదు

బెంచి గ్రైండరు చక్రంలో కంటికి కనిపించని పగులును కూడా చాలావరకు ఒక్క తట్టుతో చెవే పట్టేస్తుంది. రింగ్ టెస్ట్ అనే ఈ పరీక్షలో, దుమ్ము దులిపిన పొడి చక్రాన్ని మధ్య రంధ్రంలోంచి వేలికో కడ్డీకో తగిలించి, నిలువు మధ్యగీతకు ఇరువైపులా 45 డిగ్రీల వద్ద, అంచుకు 25 నుంచి 50 మిల్లీమీటర్ల లోపలగా, స్క్రూడ్రైవరు కర్రపిడితో మెల్లగా తట్టి, చక్రాన్ని 45 డిగ్రీలు తిప్పి మళ్లీ తడతారు.

విట్రిఫైడ్ రకం, అంటే రాపిడి రేణువులను మట్టి ఖనిజాలతో కలిపి బట్టీలో కాల్చిన చక్రం, బాగుంటే ఖంగుమంటుంది. పగిలి ఉంటే మొద్దుగా పలుకుతుంది. రెసిన్‌తో అతికించిన చక్రం మంచిదైనా అంత స్పష్టంగా మోగదు కనుక, రకం తెలియకుండా శబ్దాన్ని నమ్మడం తొందరపాటే అవుతుంది.

200 మిల్లీమీటర్ల వ్యాసం గల చక్రం నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు 105 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగంలో పగిలితే ముక్కలు ఎదుట ఉన్నవారి మీదికే దూసుకొస్తాయి. అందుకే పరీక్షలో నెగ్గిన కొత్త చక్రాన్నయినా, గార్డు బిగించి, పక్కకు నిలబడి, కనీసం ఒక నిమిషం ఖాళీగా తిప్పిన తరువాతే ఇనుమును ఆనించాలి. పని ఆనించే టూల్ రెస్ట్‌కూ చక్రానికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు.