అందం సరే... అనుమతి ఏదీ?

బెజవాడ గవర్నర్‌పేట గురించి సినిమా ప్రియులకు నేను వేరే చెప్పాలా? ఒక పక్క గాంధీనగర్... కోస్తా జిల్లాల హాళ్ళకు ఫిలిం పెట్టెలు పంపిన డిస్ట్రిబ్యూటర్ల పేట. ఇంకో పక్క సూర్యారావుపేట... డాక్టర్ల పేట. నడుమ బీసెంట్ రోడ్డు... చీరలు, గాజులు, స్నోలు, పౌడర్లు! సినిమా, షోకు, వైద్యం మూడూ ఇలా భుజాలు రాసుకుంటున్న చోట కాస్మెటిక్ క్లినిక్ బోర్డు కనిపిస్తే ఆశ్చర్యమేముంది? ముక్కు సరిచేస్తాం, జుట్టు నాటుతాం, కొవ్వు తీసేస్తాం అనే ప్రకటనలు చూసి కుర్రకారు మనసు అటు లాగడమూ సహజమే!

అందంగా ఉండాలనుకోవడం తప్పని నేననను. వెండితెర మీద మనం ఆరాధించే ముఖాలన్నీ ఎవరో ఒకరు శ్రద్ధగా తీర్చిదిద్దినవే. కానీ మేకప్‌మాన్ చెయ్యి జారితే కాస్త కొబ్బరినూనె రాసి తుడిచేస్తాడు. సర్జన్ చెయ్యి జారితే ఏం పెట్టి తుడుస్తారు, చెప్పండి? అందుకే కత్తి పట్టే చోటికి సర్కారు తనిఖీ అవసరమైంది. ఆ తనిఖీలో ఏం చూస్తారో తెలిస్తే, రేపు మీరో మీ చెల్లాయో ఆ మెట్లెక్కినప్పుడు ఏం చూడాలో కూడా తెలుస్తుంది.

బెంగుళూరులో ఏం తేలింది?

2022 మే 16. చేతనా రాజ్ అనే కన్నడ టీవీ నటి, వయసు 21, కొవ్వు తీయించుకోవడానికి బెంగుళూరులో ఒక ప్రైవేటు కాస్మెటిక్ క్లినిక్‌లో చేరింది. అమ్మా నాన్నలకు చెప్పలేదు. ఆపరేషన్ తర్వాత ఊపిరి అందలేదు. వేరే ఆసుపత్రికి తరలించారు గానీ, అదే రోజు ఆ అమ్మాయి ప్రాణం పోయింది. అప్పుడు ఆరోగ్య శాఖ వారు కాగితాలు తిరగేశారు. ఆ క్లినిక్‌కు ఉన్న అనుమతి పాలీక్లినిక్, డిస్పెన్సరీ నడుపుకోవడానికేనట! ఆపరేషన్లు చేయడానికి కాదని అధికారులే చెప్పారు.

గమనించారా? అనుమతి లేకపోలేదు. వేరే పనికి ఉంది! గడప దాటే ముందే ఎవరైనా ఆ ఒక్క కాగితం చదివి ఉంటే...

మన తెలుగు ప్రేక్షకుల గుండెలో ఇంకో ముల్లు ఉంది. ఆర్తీ అగర్వాల్! 2001లో ‘నువ్వు నాకు నచ్చావ్’, 2002లో ‘ఇంద్ర’... ఆ నవ్వును మరిచిపోగలమా? 2015 జూన్ 6న అమెరికాలోని న్యూజెర్సీలో 31 ఏళ్ళకే కన్నుమూసింది. అంతకు కొద్ది వారాల ముందే లైపోసక్షన్ చేయించుకుందని, తర్వాత ఊపిరి తీసుకోవడానికి ఇబ్బంది పడిందని ఆమె మేనేజర్ అప్పట్లో చెప్పారు.

ఈ లైపోసక్షన్ అంటే ఏమిటి? చర్మం కింద మందు కలిపిన నీరు ఎక్కించి, సన్నటి గొట్టంతో కొవ్వును పీల్చేయడం. వినడానికి ఎంత తేలిక! కానీ కొవ్వు తునకలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు చేరవచ్చు. ఒంట్లో నీటి లెక్క తప్పవచ్చు. ఒకేసారి 5 లీటర్లు దాటి తీస్తే రాత్రంతా ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాలని ప్లాస్టిక్ సర్జన్ల మార్గదర్శకాలే చెబుతున్నాయి. ‘పొద్దున రండి, సాయంత్రం వెళ్ళండి’ వ్యవహారం కాదన్నమాట!

తనిఖీలో ఏం చూస్తారు?

మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ కోసం 2002లో చట్టం చేశారు. 2007లో దాని నిబంధనలు వచ్చాయి. జిల్లాలో రిజిస్టరు చేయించుకోనిదే క్లినిక్ నడపకూడదు. డి.ఎం.హెచ్.ఓ. గారి బృందం వచ్చిందంటే ముందు ఆ సర్టిఫికెట్ అడుగుతుంది. గడువు దాటిందా? ఏ వైద్యానికి తీసుకున్నారు? డాక్టర్ డిగ్రీ ఏమిటి, మెడికల్ కౌన్సిల్ నంబరు ఎంత? ఆక్సిజన్ ఉందా? ఫీజుల పట్టిక గోడ మీద పెట్టారా? చెత్త డబ్బాలనూ వదలరు. 2016 నిబంధనల ప్రకారం పసుపు, ఎరుపు, నీలం, తెలుపు... నాలుగు రంగులు. వాడిన సూదులు తెల్లదాంట్లోకే వెళ్ళాలి.

ఫైర్ అనుమతి కూడా చూస్తారు. ‘అదొక లాంఛనమే కదండీ’ అనేవారికి జవాబు ఈ గవర్నర్‌పేటలోనే ఉంది. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున ఏలూరు రోడ్డులో, కోవిడ్ కేంద్రంగా మార్చిన స్వర్ణ ప్యాలెస్ హోటల్లో మంటలు రేగి 10 మంది చనిపోయారు. అక్కడికి వచ్చినవారంతా బాగుపడి ఇంటికి వెళ్దామని వచ్చినవారే!

ఇక డిగ్రీ సంగతి. ప్లాస్టిక్ సర్జన్ అంటే ఎం.బి.బి.ఎస్. అయ్యాక సర్జరీ చదివి, ఆ పైన ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. లాంటి చదువు చదివినవారు. కాస్మెటాలజీలో నాలుగు వారాల సర్టిఫికెట్టూ, ఇదీ ఒకటి కాదు. వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసినంత మాత్రాన జుట్టు నాటే పనికి శిక్షణ పొందినట్టు కాదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో స్పష్టంగా చెప్పాల్సి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోండి!

‘టెర్మినేటర్’ హీరో సంతకం!

హాలీవుడ్ దేశంలోనూ ఇదే గొడవ. గాయకుడు కాన్యే వెస్ట్ తల్లి డోండా వెస్ట్ 2007 నవంబరులో కాస్మెటిక్ ఆపరేషన్ చేయించుకున్న మర్నాడే చనిపోయింది. దాంతో కాలిఫోర్నియాలో 2009లో ఆమె పేరు మీదనే చట్టం వచ్చింది. ఆపరేషన్‌కు ముందు 30 రోజుల లోపు ఒళ్ళంతా పరీక్షించి, సరేనని డాక్టర్ రాసివ్వాలి. సంతకం పెట్టిన గవర్నర్ ఎవరో తెలుసా? మన ‘టెర్మినేటర్’ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్!

ప్రశ్నలడిగే మేనమామ

చట్టాలు ఉన్నాయి, తనిఖీలూ ఉన్నాయి. మరి లోపం ఎక్కడ? నాకు తోచింది చెబుతాను. తనిఖీ అధికారి ఎప్పుడో ఒకరోజు వస్తాడు. మిగతా రోజుల్లో అడిగేవాడు ఎవడు?

మన ఇళ్ళల్లో అపెండిసైటిస్ ఆపరేషన్ అంటే పెదనాన్న, మేనమామ, పక్కింటి పిన్నిగారు అందరూ వస్తారు. ‘ఏ డాక్టరు? ఎంత చదివాడు? మత్తు ఎవరిస్తారు?’ అని ప్రాణం తోడేస్తారు. అదే ముక్కుకో, నడుముకో అంటే సిగ్గు! చాటుగా, ఒంటరిగా వెళ్తాం. బెంగుళూరు అమ్మాయి ఇంట్లో చెప్పలేదు. 2016లో హైదరాబాద్‌లో ఒక కుర్రాడు పొడవు పెరగాలని కాళ్ళ ఎముకలకు ఆపరేషన్ చేయించుకున్నాడు. అతనూ ఇంట్లో చెప్పలేదు. కన్నవాళ్ళు వెతుక్కుంటూ ఆసుపత్రికి రావాల్సి వచ్చింది. మన సిగ్గే అనుమతి లేని క్లినిక్‌కు పెద్ద అండ!

కాబట్టి నా మాట వినండి. రిసెప్షన్లో నాలుగు ముక్కలు అడగండి. ఈ ఆపరేషన్‌కు రిజిస్ట్రేషన్ ఉందా? చేసేవారి కౌన్సిల్ నంబరు ఎంత? మత్తు డాక్టర్ ఎవరు? ప్రాణం మీదికొస్తే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు? జవాబు చెప్పడానికి విసుక్కుంటే వెంటనే మెట్లు దిగెయ్యండి. ముక్కు అలాగే ఉన్నా మునిగిపోయేదేం లేదు.

ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి మొహమాటమా? అయితే మీ మేనమామను వెంటబెట్టుకెళ్ళండి. ఆయన నలభై అడుగుతాడు!